విస్తరి వేయని వేడుక

మహానాడు అంటే తెలుగుదేశం కార్యకర్తకు రెండు గుర్తొస్తాయి: ఎన్టీఆర్ పుట్టినరోజు, భోజనాలు. తీర్మానాల సంగతి ఎలా ఉన్నా, ఆ ఏడు ఏయే వంటకాలు వడ్డిస్తున్నారన్నది పత్రికల్లో విడిగా వార్త అవుతుంది. 2020 మే 27, 28 తేదీల్లో ఆ పండుగ జూమ్‌లో జరిగింది. మంగళగిరి పార్టీ కార్యాలయంలో కొద్దిమంది నాయకులు ఎడంఎడంగా కూర్చున్నారు. మిగతావాళ్లంతా ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి ఫోన్ ముందు వాళ్లు. ఉపన్యాసాలు సాగాయి, తీర్మానాలు ఆమోదం పొందాయి, నివాళులూ జరిగాయి. వేల మందికి వండే పొయ్యి మాత్రం వెలగలేదు.

కోవిడ్ కాలంలో సభలూ సదస్సులూ పెళ్లిళ్లూ తెర మీదికి మారిన కథను చాలామంది టెక్నాలజీ కథగానే చెప్పారు. వెలగని ఆ పొయ్యి దగ్గర నిలబడి చూస్తే అది ఇంకోలా కనిపిస్తుంది. మనవైపు వేడుక పెద్దదా చిన్నదా అన్నది ఎన్ని విస్తళ్లు లేచాయి, ఎన్ని బంతులు సాగాయి అన్న లెక్కతో తేలేది. ఆ లెక్క వెనక వంట మేస్త్రి ఉంటాడు, వడ్డన కుర్రాళ్లు ఉంటారు. షామియానా గుంజలు పాతేవాళ్లు, కుర్చీలు దించేవాళ్లు, మైక్ సెట్ వాడు, జనరేటర్ వాడు, పూలు కట్టే ఆడవాళ్లు, సన్నాయి మేళం, బ్యాండు వాళ్లు ఉంటారు. వేడుక తెర మీదికి వెళ్లినప్పుడు వేదిక వెళ్లింది, వక్త వెళ్లాడు, యాంకర్ వెళ్లింది. వీళ్లు వెళ్లలేదు. వీళ్లు వెళ్లడానికి లింకు లేదు.

‘ఈవెంట్ల రంగం ఆన్‌లైన్‌కు మారింది’ అన్న మాట కాబట్టి సగమే నిజం. ఆ రంగంలో పైన ఉన్న పలుచని పొర మారింది. కింది మందపు పొర ఖాళీగా కూర్చుంది, కొంతమేర చెదిరిపోయింది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా ఆ రెండేళ్ల గురించి ఏ లెక్క వేసినా తప్పే వస్తుంది.

మొదటి పెద్ద దెబ్బ బార్సిలోనాలో పడింది. ఏటా అక్కడ జరిగే మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌కు 2019లో లక్షా 9 వేల మంది వచ్చారు. 2020లో ఫిబ్రవరి 24న మొదలు కావాల్సిన ఆ ప్రదర్శన నుంచి ఎల్‌జీ, ఎరిక్సన్, అమెజాన్, సోనీ ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఫిబ్రవరి 12న నిర్వాహక సంస్థ జీఎస్ఎంఏ చేతులెత్తేసింది. ఆ నాలుగు రోజుల వల్ల ఊరికి 49 కోట్ల యూరోల పైచిలుకు ఆదాయం, 14 వేలకు పైగా తాత్కాలిక ఉద్యోగాలు వస్తాయన్నది నిర్వాహకుల సొంత అంచనా. ఫోన్ కంపెనీలు తమ కొత్త ఫోన్లను కొద్ది వారాల్లో యూట్యూబ్‌లో విడుదల చేసుకున్నాయి. ఆ 14 వేల కొలువులను యూట్యూబ్‌లో విడుదల చేసే వీలు లేకపోయింది.

తర్వాత అన్నీ చకచకా జరిగాయి. వెయ్యి మందికి మించి గుమికూడవద్దని స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఫిబ్రవరి 28న ఆంక్ష పెట్టగానే జెనీవా మోటార్ షో ఆగిపోయింది. మార్చి 6న అమెరికాలోని ఆస్టిన్ నగరం సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవాన్ని రద్దు చేసింది. 34 ఏళ్లలో అదే మొదటిసారి. అంటువ్యాధి వల్ల రద్దయితే బీమా వర్తించదని తేలింది. రోజుల వ్యవధిలో ఆ సంస్థ తన సిబ్బందిలో దాదాపు మూడో వంతును తీసేసింది. అదే ఏడాది వింబుల్డన్ కూడా రద్దయింది కానీ, 2003 నాటి సార్స్ చూసి ఏటా ప్రీమియం కడుతూ వచ్చిన క్లబ్బు గనుక తట్టుకుంది. ఈవెంట్ల వ్యాపారంలో రెండు జాతులున్నాయని అప్పుడే అర్థమైంది: పాలసీలో సన్న అక్షరాలు చదివినవాళ్లు, చదవనివాళ్లు. పాలసీ అన్న మాటే వినని మూడో జాతి సంగతి సరేసరి.

తెలంగాణలో మార్చి 14న ఉత్తర్వు వచ్చింది. సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు మూత. అప్పటికే కుదిరిన పెళ్లిళ్లు రెండు వందల మందిలోపు చేసుకోవచ్చన్నారు. పది రోజులకు దేశమంతా లాక్‌డౌన్. మే నెలలో కేంద్రం పెళ్లికి 50 మంది అతిథులకు అనుమతిచ్చింది, సెప్టెంబరు 21 నుంచి 100 మందికి. వెయ్యి మందికి సరిపడా కట్టిన ఫంక్షన్ హాల్లో 50 మంది పెళ్లంటే కరెంటు బిల్లు కూడా గిట్టదు. చాలా కుటుంబాలు ఇంటి ముందు చిన్న పందిరేసి కానిచ్చేశాయి. శుభలేఖ మీద వేదిక పేరుండే చోట యూట్యూబ్ లింకు వచ్చి కూర్చుంది.

తెలుగునాట ఈ వ్యాపారానికి ఇంకో యజమాని ఉన్నాడు: పంచాంగం. 2020లో శ్రావణం వెళ్లాక, సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 16 దాకా అధిక ఆశ్వయుజం వచ్చింది. ఆ తర్వాత ఏడాది చివర్లో కాస్త ఊపిరాడింది. 2021 జనవరిలో గురు మౌఢ్యం, ఫిబ్రవరి నడిమి నుంచి మే మొదటివారం దాకా శుక్ర మౌఢ్యం. ‘మే వస్తే ముహూర్తాలే ముహూర్తాలు’ అని బుకింగులు రాసుకున్నవాళ్లకు ఆ మే నెలే రెండో అల తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి పగటి కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్. మూఢం ఎప్పుడు పోతుందో పంతులుగారు చెప్పగలరు, వైరస్ సంగతి చెప్పలేరు. అడ్వాన్సులు వెనక్కివ్వాలా, తేదీ మార్చాలా అన్న తగవు ప్రతి ఊళ్లోనూ నడిచింది. గుడిమల్కాపూర్ మార్కెట్లోనూ కడియపులంకలోనూ పూలకు గిరాకీ మంటపంతో పాటే ముడిపడి ఉంటుంది. తెర మీద పెళ్లి చూసేవాడికి బంతిపూల వాసన అక్కర్లేదు.

అంకెల్లో చెప్పాలంటే, ఫిక్కీ కోసం ఈవై సంస్థ ఏటా తయారుచేసే నివేదిక ప్రకారం దేశంలో లైవ్ ఈవెంట్ల వ్యాపారం 2019లో 8,300 కోట్ల రూపాయలు. 2020లో అది 2,700 కోట్లకు పడిపోయింది. అంటే మూడింట రెండు వంతులు ఒక్క ఏడాదిలో ఆవిరి. 2021లో 3,200 కోట్లు. ఈ లెక్క కూడా జీఎస్టీ కట్టి, కంపెనీల పేరుతో నడిచే వ్యవస్థీకృత రంగానిది. తాలూకా కేంద్రంలో నాలుగు షామియానాలు, మూడు వందల కుర్చీలు, రెండు డేగిసాలతో నడిచే టెంట్ హౌస్ ఇందులో లేదు. ఆ నష్టానికి నివేదిక ఎవరూ రాయలేదు.

ఇక పైపొర సంగతి. అక్కడ పని తగ్గలేదు, కొన్ని నెలల పాటు విపరీతంగా పెరిగింది.

2019 డిసెంబరులో జూమ్‌లో రోజుకు కోటి మంది సమావేశాల్లో పాల్గొనేవారు. 2020 మార్చికి అది 20 కోట్లు, ఏప్రిల్‌కు 30 కోట్లు. ఒకే మనిషి రోజులో ఐదు మీటింగుల్లో ఉంటే ఐదుసార్లు లెక్క అన్నది ఆ కంపెనీయే తర్వాత సవరించి చెప్పిన మాట. అయినా ఆ వేగం వేగమే. మార్చి 30న ఎఫ్‌బీఐ హెచ్చరిక చేయాల్సి వచ్చింది: పిలవని వాళ్లు మీటింగుల్లోకి చొరబడి అశ్లీల చిత్రాలు చూపిస్తున్నారని. ఏప్రిల్ నడిమికి మన హోంశాఖా అలాంటి సూచనే ఇచ్చింది. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ మనిషి కొలువు తెరమీద ‘వెయిటింగ్ రూమ్’ అయింది. లోపలికి ఎవరిని రానివ్వాలో నొక్కుతూ కూర్చునే పని ఈవెంట్ సంస్థలో కొత్తగా చేరిన జూనియర్ అమ్మాయికి పడింది.

అసలు కష్టం వేరే చోట ఉంది. సభ నడపడం తెలిసినవాళ్లకు హఠాత్తుగా టీవీ నడపాల్సి వచ్చింది. హాల్లో మైకు మూగబోతే ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు, సభ నవ్వుతుంది, వక్త గొంతు పెంచుతాడు. తెర మీద అదే జరిగితే పది సెకన్లు నల్లటి చతురస్రం, పదకొండో సెకనుకు ప్రేక్షకుడు వెళ్లిపోతాడు. అందుకని ప్రతి వక్తతోనూ ముందురోజు రిహార్సల్. కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు, వెలుగు ముఖం మీద పడాలి, ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, కుక్కర్ విజిల్ వేసే వేళ కాకుండా చూడండి. కరెంటు పోతే ఇన్వర్టర్, నెట్ పోతే రెండో కంపెనీ కనెక్షన్, అదీ పోతే ఫోన్ హాట్‌స్పాట్. వెనకాల ఒక వాట్సాప్ గ్రూపు, అందులో ‘సార్ మ్యూట్ తీయండి’ అన్న సందేశం రోజుకు వందసార్లు. ఆ వాక్యమే ఆ కాలపు జాతీయగీతం.

ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, నాలుగు కెమెరాలను కలిపే ఏటెమ్ మినీ అనే అరచేతంత స్విచ్చర్, రెండు ల్యాప్‌టాపులు. వీటితో ఒక గదిలో ఇద్దరు కూర్చుని వేల మంది చూసే సదస్సు నడిపేశారు. ఆ స్విచ్చర్ 2019లోనే మార్కెట్లోకి వచ్చింది. దాని తయారీదారుకు ఏ పంచాంగకర్త ముహూర్తం పెట్టాడో గానీ, 2020లో అది దుకాణాల్లో దొరకడమే గగనమైంది. హైదరాబాద్‌కు ఇక్కడ ఒక అనుకూలం ఉంది. న్యూస్ చానళ్లు, సీరియళ్లు, సినిమా వల్ల స్విచింగు, గ్రాఫిక్స్, ఎడిటింగ్ తెలిసిన చేతులు ఊరి నిండా ఉన్నాయి. పని లేని కెమెరామన్ లైవ్ స్ట్రీమింగ్ మనిషయ్యాడు. వేదిక ట్రస్‌లు కట్టే కుర్రాడికి ఆ వంతెన లేదు. కండబలంతో చేసే పనికీ కంప్యూటర్‌తో చేసే పనికీ మధ్య ఉన్న అగాధం ఈ రంగంలో ఇంత బాహాటంగా అంతకుముందు కనిపించలేదు.

ఈ పనిని గొప్పగా చేసినవాళ్లు లేకపోలేదు. 2020 సెప్టెంబరు 20న ఎమ్మీ అవార్డుల కార్యక్రమం లాస్ ఏంజెలెస్‌లోని ఖాళీ స్టేపుల్స్ సెంటర్ నుంచి సాగింది. నామినీల ఇళ్లకు కెమెరాలు, మైకులు, లైట్లు పెట్టెల్లో పంపి సుమారు 130 కెమెరాల దృశ్యాలను ఒకచోటికి తెచ్చారు. అంతకు నెల ముందు డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ప్రతినిధుల పేర్ల పిలుపు 57 రాష్ట్రాలు, ప్రాంతాల నుంచి ఒక్కో చోట ఒక్కో దృశ్యంగా వచ్చింది. ఒకరు పొలంలో, ఒకరు సముద్రం ఒడ్డున. హాల్లో గంటల తరబడి విసిగించే తంతు అరగంట ప్రయాణంలా మారింది. ఆ రెండూ బాగుండటానికి కారణం ఒకటే. సభను తెర మీద పెట్టే ప్రయత్నం మానేసి, తెరకే తగిన కార్యక్రమం అల్లారు.

సంగీతం వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఏప్రిల్ 2020లో ట్రావిస్ స్కాట్ ఫోర్ట్‌నైట్ అనే ఆటలో పాడితే ఒకేసారి 1.23 కోట్ల మంది ఆటగాళ్లు అందులో ఉన్నారు. జూన్ 14న బీటీఎస్ ఆన్‌లైన్ కచేరీని టికెట్టు కొని ఏడున్నర లక్షల మందికి పైగా ఒకే సమయంలో చూశారు. పేరున్నవాడికి తెర పెద్ద మైదానం. పేరు లేనివాడికి, గణేశ్ మండపాల ముందు, సంబరాల్లో, తిరునాళ్లలో పాడుకునే ఆర్కెస్ట్రా గాయకుడికి అది గోడ. ఆ ఏడాది ఖైరతాబాద్ గణపతే తగ్గాడు. 2019లో 61 అడుగులు, 2020లో 9 అడుగులు. బాలాపూర్ లడ్డూ వేలం జరగలేదు. మండపం లేని వీధిలో పాట ఎవరికి పాడాలి?

తెలుగు ఈవెంట్ల రంగంలో తనదంటూ ఒక మలుపు తీసుకున్న సంస్థ శ్రేయాస్ మీడియా. సినిమాల ప్రీ రిలీజ్ వేడుకలు నిర్వహించే ఈ సంస్థకు 2020 వేసవిలో సినిమాలే లేవు, వేడుకలెక్కడివి? శ్రేయాస్ ఈటీ పేరుతో డబ్బు కట్టి చూసే వేదిక తెరిచింది. జూన్ 6న రాంగోపాల్ వర్మ తీసిన ‘క్లైమాక్స్’ వంద రూపాయలకు అందులో విడుదలైంది. అదే నెలలో ఇంకో వర్మ చిత్రం రెండు వందలకు. థియేటర్ ముందు జనాన్ని పోగేసే పని చేసినవాళ్లు, జనం అక్కర్లేని థియేటర్ తెరవడంలోని చమత్కారం అటుంచితే, చేతిలో ఉన్న పరిచయాలను కొత్త సరుకుగా మార్చుకోవడం వ్యాపార లక్షణం. అది చిన్న సప్లయర్లకు చేతకాక కాదు. వాళ్ల దగ్గరున్న సరుకు కుర్చీలు.

దేవుడి విషయంలో మార్పు అందరికంటే సాఫీగా సాగడం విచిత్రం. భద్రాచలం సీతారామ కల్యాణం 2020 ఏప్రిల్ 2న భక్తులు లేకుండా జరిగింది, జనం టీవీలో చూశారు. ఆగస్టు 7 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలుపెట్టింది. వెయ్యి రూపాయల టికెట్టు తీసుకున్న దంపతులు సంప్రదాయ దుస్తుల్లో ఇంట్లో టీవీ ముందు కూర్చుని సంకల్పం చెప్పుకుంటే, ప్రసాదాలూ వస్త్రాలూ తపాలాలో వచ్చేవి. దేవుడు దగ్గరున్నా దూరమున్నా ఒకటేనన్న నమ్మకం ముందే ఉంది కాబట్టి భక్తుడికి తెర అడ్డు కాలేదు. కొండ కింద టెంకాయలు అమ్మేవాళ్ల సంగతి ఆ నమ్మకంలో లేదు.

సదస్సుల విషయంలో లాభనష్టాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. హైదరాబాద్‌లో ఏటా జరిగే బయో ఆసియా 2021, 2022 ఫిబ్రవరుల్లో పూర్తిగా తెర మీదే సాగింది. మొదటి ఏడు సత్య నాదెళ్ల, రెండో ఏడు బిల్ గేట్స్ అప్పటి మంత్రి కేటీఆర్‌తో సంభాషించారు. మామూలు ఏడాదిలో హైదరాబాద్‌కు బిల్ గేట్స్‌ను రప్పించడం ఎంత కష్టమో నిర్వాహకులకు తెలుసు. నెట్ కనెక్షన్ ఆయన్ను తెచ్చింది. అదే నెట్ కనెక్షన్ వేల మంది ప్రతినిధుల హోటల్ గదులను, టాక్సీలను, సాయంత్రపు విందులను, స్టాళ్లు కట్టే వడ్రంగులను తుడిచేసింది. హైదరాబాద్ సాహిత్యోత్సవం 2021లో, జైపూర్ ఉత్సవం అదే ఏడాది ఫిబ్రవరిలో ఆన్‌లైన్లో జరిగాయి. మారుమూల ఊళ్లో కూర్చున్న పాఠకుడికి జైపూర్ అందుబాటులోకి రావడం మామూలు సంగతి కాదు.

పరిశోధకులు ఈ మార్పును కొలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2019 చివర జరిగిన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ సమావేశానికి 28 వేల మంది వెళ్లి వచ్చినందుకు దాదాపు 80 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడ్డాయని, అంటే తలకు సుమారు మూడు టన్నులని, ‘నేచర్’ పత్రికలో 2020లో ఒక బృందం లెక్కగట్టింది. వాతావరణ మార్పు గురించి మాట్లాడటానికే అందులో చాలామంది విమానమెక్కారన్నది వేరే చెప్పక్కర్లేదు. సదస్సును ఆన్‌లైన్‌కు మారిస్తే కార్బన్ భారం 94 శాతం తగ్గుతుందని 2021 డిసెంబరులో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మహిళలు, విద్యార్థులు, డబ్బు లేని దేశాల పరిశోధకులు తెర సదస్సుల్లో ఎక్కువగా పాల్గొన్నారని ఇంకో అధ్యయనం చూపింది. ప్రయాణపు ఖర్చు, వీసా, ఇంట్లో పసిపిల్ల అనే మూడు అడ్డంకులు ఒక్కసారిగా తొలగిపోయాయి మరి.

రెండో వైపు కూడా పరిశోధనే ఉంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021 ఫిబ్రవరిలో జూమ్ అలసటకు నాలుగు కారణాలు చెప్పాడు: మరీ దగ్గరగా కళ్లలోకి చూసే ముఖాలు, రోజంతా తన ముఖం తనకే కనిపించడం, కుర్చీలోంచి కదల్లేకపోవడం, సైగలు అర్థం చేసుకోవడానికి మెదడు పడే అదనపు శ్రమ. వీడియోలో మాట్లాడుకునే జంటలకు ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకంటే కొత్త ఆలోచనలు తక్కువ తడతాయని 2022లో ‘నేచర్’లో వచ్చిన ప్రయోగం చెప్పింది. ఆసక్తి కలిగించేది ఏమిటంటే, వచ్చిన ఆలోచనల్లో ఏది మంచిదో ఎంచుకోవడంలో వీడియో జంటలు వెనకబడలేదు. సభల గురించి అనుభవజ్ఞులకు ఇది ముందే తెలుసు. అసలు మాటలు టీ దగ్గర జరుగుతాయి.

ఆ టీ బల్లను కోడ్‌లో రాయగలమన్న నమ్మకం మీదే హోపిన్ లేచింది. లండన్ కేంద్రంగా జానీ బోఫర్‌హాట్ 2019లో మొదలుపెట్టిన ఈ కంపెనీలో 2020 ఆరంభంలో పట్టుమని పది మంది లేరు. తెర మీద వేదిక, చిన్న చర్చాగదులు, స్టాళ్లు, ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని కొన్ని నిమిషాల పాటు ఎదురెదురుగా కూర్చోబెట్టే ఏర్పాటు. 2021 ఆగస్టుకు దాని విలువ 775 కోట్ల డాలర్లన్నారు. 2022 ఫిబ్రవరిలో 12 శాతం, జులైలో 29 శాతం ఉద్యోగులను తీసేశారు. 2023 ఆగస్టులో ఈవెంట్ల వ్యాపారాన్ని రింగ్‌సెంట్రల్ కొనుక్కున్నప్పుడు ముందుగా చేతికిచ్చింది కోటిన్నర డాలర్లు. షరతులన్నీ నెరవేరితే గరిష్ఠంగా 5 కోట్లు. బెంగళూరు ఎయిర్‌మీట్, అంతకుముందు నుంచీ ఈవెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తూ కొద్ది వారాల్లోనే వర్చువల్‌కు మళ్లిన హ్యూబిలో కూడా ఆ వరదలో పెట్టుబడులు అందుకున్నవే. వరద నీటిని చూసి బావి తవ్వినట్టు అయింది కొందరి పని.

టీ బల్లను కోడ్‌లో ఎందుకు రాయలేకపోయారు? స్టాలు పెట్టిన కంపెనీని అడిగితే తెలుస్తుంది. హాల్లో జనం బిర్యానీ కోసం వెళ్తూ దారిలో స్టాలు దగ్గర ఆగుతారు. తెర మీద దారి ఉండదు. ఎవరూ పొరపాటున ఎక్కడా ఆగరు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో చాలామంది అసలు రారు, వచ్చినవాళ్లు ఇంకో కిటికీలో ఈమెయిల్ చూసుకుంటారు. ‘జూమ్‌లోనే కదా, అంత డబ్బెందుకు?’ అన్న క్లయింటు ప్రశ్నకు రాత్రంతా రిహార్సల్ చేసిన నిర్వాహకుడి దగ్గర జవాబు ఉండేది కాదు. పని కనిపించకపోతే దానికి ధర పలకదు. షామియానాలో ఉన్న సుఖం అదే: ఎన్ని గుంజలు పాతారో ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

కనిపించని కష్టాన్ని కనిపించేలా చేసే ప్రయత్నం ఒకటి ఆ కార్మికులే చేశారు. 2020 జూన్ 22 రాత్రి జర్మనీలో వేలాది భవనాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. ఆగస్టులో బ్రిటన్, సెప్టెంబరు 1న అమెరికా అదే బాట పట్టాయి. లైట్లు వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు తమ నిరసనను లైట్లతోనే రాశారు. ఊరంతా ఎర్రబడింది. మన దగ్గర అలాంటిదేమీ పెద్దగా కనిపించలేదు. సినిమా కార్మికులకు చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకులు పంచింది. సినిమా వాళ్లకు యూనియన్లు ఉన్నాయి, గుర్తింపు కార్డులు ఉన్నాయి. వడ్డన కుర్రాడికి ఉన్నది మేస్త్రి ఫోన్ నంబరు.

ఖాళీ ప్రాంగణాలు ఊరికే ఉండలేదు. లండన్ ఎక్సెల్ ప్రదర్శనశాల 2020 ఏప్రిల్ 3న ఆసుపత్రిగా తెరుచుకుంది. న్యూయార్క్ జావిట్స్ సెంటర్, ముంబై గోరేగావ్‌లోని నెస్కో కూడా అంతే. 2021 జూన్ 6న హైదరాబాద్ హైటెక్స్ ప్రదర్శనశాలలో ఒక్కరోజులో దాదాపు 40 వేల మందికి టీకాలు వేశారు. వరసలు, బారికేడ్లు, కుర్చీలు, పార్కింగ్, తాగునీరు. జనాన్ని ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తొక్కిసలాట లేకుండా నడిపించే విద్య ఈవెంట్ల వాళ్లదే. ఆ రంగానికి సంక్షేమం కావాలని అడిగేవాళ్లకు అంతకంటే మంచి వాదన లేదు, ఎవరూ గట్టిగా వాడుకోలేదు గానీ.

తిరిగి రావడం ఒక్క ఊపున జరగలేదు. నాంపల్లి నుమాయిష్ 2021లో జరగలేదు. 2022 జనవరి 1న మొదలై, ఒమిక్రాన్ భయంతో మర్నాటికే మూతపడింది. 1938 నుంచి వస్తున్న ప్రదర్శన అది. కశ్మీరు నుంచి, లక్నో నుంచి సరుకు దించుకున్న వ్యాపారులు మూటలు విప్పి మళ్లీ కట్టుకున్నారు. ఫిబ్రవరి చివర్లో గానీ తెరుచుకోలేదు. నుమాయిష్‌ను ఆన్‌లైన్లో పెడదామని ఎవరూ అనలేదు. జెయింట్ వీలు ఎక్కని నుమాయిష్‌ను ఏ హైదరాబాదీ ఒప్పుకుంటాడు?

అమెరికాలోని తెలుగు సంఘాలదీ ఇదే తీరు. రెండేళ్లకోసారి జరిగే తానా మహాసభలు 2019 వాషింగ్టన్ తర్వాత మళ్లీ 2023లోనే ఫిలడెల్ఫియాలో జరిగాయి. ఆటా 2022 జులైలో కలిసింది. మహాసభను జూమ్‌లో పెట్టే పని పెట్టుకోలేదు, ఆగారు. సాహిత్యం మాత్రం ఆగలేదు. తానా ప్రపంచ సాహిత్య వేదిక నెలనెలా తెర మీద సభలు నడిపింది. కథకుడు కర్నూలులో, విమర్శకుడు డల్లాస్‌లో, శ్రోత మెల్‌బోర్న్‌లో. మహాసభకూ సాహిత్య సభకూ ఈ తేడా ఎందుకు? మహాసభ అంటే పెళ్లి సంబంధాలు, నగల స్టాళ్లు, పాత స్నేహితులు, పులిహోర. సాహిత్య సభకు మనవాళ్లు ఎప్పుడూ పట్టుమని యాభై మందే వచ్చేవారు కాబట్టి తెర మీద జనం తగ్గినట్టు అనిపించకపోగా పెరిగినట్టు అనిపించింది.

ఏది తెర మీద మిగిలింది, ఏది వెనక్కి వచ్చింది అన్నదానికి ఇందులో ఒక జాడ ఉంది. సమాచారం చెప్పడమే ప్రధానమైనవి మిగిలాయి. 2020లో కంపెనీల వ్యవహారాల శాఖ వీడియోలో వాటాదారుల సమావేశాలకు అనుమతిచ్చింది, ఆ వెసులుబాటును పొడిగిస్తూ వచ్చింది. వెనకటి సమావేశాల్లో బయట పంచే స్వీటు ప్యాకెట్ల కోసమే వచ్చే పెద్దలు తప్ప దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. వీడియో గేముల ప్రదర్శన ఈ3 పరిస్థితి ఇంకా స్పష్టం: 2020లో రద్దు, 2021లో ఆన్‌లైన్, తర్వాత రెండేళ్లు మళ్లీ రద్దు, 2023 డిసెంబరులో శాశ్వతంగా ముగింపు. కంపెనీలు తమ ప్రకటనలు తామే వీడియోల్లో చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాక హాలు అద్దె ఎవరు కడతారు? లాస్ వెగాస్‌లోని సీఈఎస్ 2021లో తెర మీద, 2022లో 45 వేల మందితో, 2024కు 1.38 లక్షల మందితో నిలబడింది. అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలపాలి. దేశంలో లైవ్ ఈవెంట్ల వ్యాపారం 2022లో 7,300 కోట్లకు, 2023లో 8,800 కోట్లకు చేరి 2019ని దాటింది. 2024లో 10 వేల కోట్లు దాటింది.

సినిమా వేడుకలైతే కసి తీర్చుకున్నట్టు వచ్చాయి. 2024 సెప్టెంబరులో ‘దేవర’ ప్రీ రిలీజ్ వేడుక హైదరాబాద్ హోటల్లో జనం పట్టక రద్దయింది. నవంబరులో ‘పుష్ప 2’ ట్రైలర్ కోసం పట్నా గాంధీ మైదానం నిండింది. 2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో రాజమౌళి సినిమా పేరు ప్రకటించిన వేడుక మైదానం, తెర అనే రెండు దారుల కలయిక. మైదానంలో జనం, జియోహాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం. సభే చానల్‌కు సరుకైంది. కోవిడ్ కాలంలో కెమెరా పట్టిన కుర్రాళ్లకు ఇప్పుడు ఇలాంటి చోట్లే పని.

కింది పొరకూ పని తిరిగొచ్చింది, మనుషులు మాత్రం అందరూ తిరిగి రాలేదు. రెండేళ్లలో కొందరు డెలివరీ బండ్లు ఎక్కారు, కొందరు ఊళ్లలోనే ఉండిపోయారు. ముహూర్తాలు ముమ్మరమైన నెలల్లో వడ్డనకు మనుషులు దొరకడం లేదన్నది క్యాటరర్ల నోట ఇప్పుడు మామూలు మాట. బఫే పెరగడానికి సోకు ఎంత కారణమో ఈ కొరతా అంతే కారణమని వాళ్లే అంటారు.

పెళ్లి మంటపం పక్కన, జనరేటర్ వైరు వచ్చే మూల, ఇప్పుడు ఒక చిన్న బల్ల శాశ్వతంగా చేరింది. దాని మీద ల్యాప్‌టాప్, స్విచ్చర్, రెండు డాంగిళ్లు. తెల్లవారుజాము ముహూర్తం. డల్లాస్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రం. జీలకర్ర బెల్లం పెట్టే వేళ బల్ల దగ్గరి కుర్రాడు వధువు ముఖం దగ్గరికి తెస్తాడు. లైవ్ చూసేవాళ్ల సంఖ్య నూట పన్నెండు. అటు భోజనాల హాల్లో మేస్త్రి ప్లేట్ల లెక్క తేల్చుకుంటున్నాడు. ఈ నూట పన్నెండు అతని కాగితంలో లేవు. తాళి కట్టడం అయ్యాక పెళ్లికూతురి తల్లి ఫోన్ అందుకుని, తెరలో ఉన్న అన్నగారితో అలవాటు కొద్దీ అంటుంది: “భోంచేసి వెళ్లు అన్నయ్యా.”